పై డివిజన్‌కు ఒకసారి ఎక్కాను, కిందికి చాలాసార్లు దిగాను

ఒడిశా సరిహద్దు గుణుపురం నుంచి ఫుట్‌బాల్ ఆడే తమ్ముడి ప్రశ్న ఇదీ. వయసు ఇరవై, స్టాపర్‌గా, అంటే గోలుకు ముందు నడుమ నిలబడి అడ్డుకునే డిఫెండరుగా ఆడతాడు. కోల్‌కతాలో కింది డివిజన్ క్లబ్బు ఒకటి ట్రయల్స్‌కు రమ్మంది. నాన్నగారేమో కానిస్టేబుల్ పరీక్ష రాయమంటున్నారు. ఇంగ్లండులో నలభై దాటాక కూడా చిన్న క్లబ్బులకు ఆడుతున్నవాళ్ల గురించి ఎక్కడో చదివాడట. "పెద్ద పేరు రాకపోయినా ఫరవాలేదు, డివిజన్లు మారుతూ ఇరవై ఏళ్లు ఆడుకుంటూ బతకవచ్చా? అలా ఆడినవాళ్లు మన వైపు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నాను. మాదీ ఒడిశా సరిహద్దే, పర్లాకిమిడి. 1997లో మొదలుపెట్టి 2016లో బూట్లు విప్పాను. పందొమ్మిది సీజన్లు, పద్నాలుగు జట్లు, నాలుగు రాష్ట్రాలు. పై స్థాయి గాలి తగిలింది ఒక్క ఏడాది. ఆడవచ్చా అంటే ఆడవచ్చు. బతకవచ్చా అంటే మాత్రం, మా ఆవిడ అంగన్‌వాడీ గౌరవ వేతనం లేకపోయి ఉంటే నేను తొమ్మిదో సీజనులోనే ఊరికి వచ్చేసి ఏ సిమెంటు కొట్టులోనో లెక్కలు రాసుకుంటూ ఉండేవాడిని. ఇలా తిరిగే ప్రతి ఆటగాడి వెనుకా ఇల్లు నడిపే మనిషి ఇంకొకరు ఉంటారు. వాళ్ల పేరు ఏ జట్టు జాబితాలోనూ ఉండదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతావి నువ్వు సరిగ్గా తూచుకుంటావు.

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఆశ అక్కడ మొలకెత్తింది. జేమీ క్యూరెటన్ పేరు నీకు తగిలే ఉంటుంది. 1994లో నార్విచ్ సిటీ తరఫున ప్రీమియర్ లీగులో అడుగుపెట్టాడు. మధ్యలో కొరియా వెళ్లి బుసాన్‌కు ఆడి వచ్చాడు. 2006-07లో కోల్చెస్టర్ తరఫున రెండో శ్రేణిలో 23 గోల్స్ కొట్టి ఆ డివిజన్‌లో అందరికంటే పైన నిలిచాడు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ దిగుతూ, మనం పేరు కూడా వినని ఊళ్ల జట్లకు నలభై దాటాక కూడా గోల్స్ కొడుతూనే ఉన్నాడు. ఇంకొకాయన టోనీ ఫోర్డ్. పదహారేళ్లకు 1975లో గ్రిమ్స్‌బీలో మొదలుపెట్టి 2001లో రోచ్‌డేల్‌లో ఆపేసరికి 931 లీగు మ్యాచ్‌లు ఆడాడు. గోల్‌కీపర్లను పక్కన పెడితే అక్కడ అంతకంటే ఎక్కువ ఆడినవాడు లేడు.

వాళ్ల ఓపికకు దండం పెట్టవలసిందే. కాని వాళ్ల కాళ్ల కింద ఏమి ఉందో కూడా చూడు. ప్రీమియర్ లీగులో 20 క్లబ్బులు, దాని కింద మూడు డివిజన్లలో 24 చొప్పున 72. మొత్తం 92. ఆ కింద నేషనల్ లీగు, దాని కింద ప్రాంతాలవారీగా మెట్ల మీద మెట్లు. 1986-87 సీజను నుంచి అయిదో మెట్టు గెలిచిన జట్టుకు నాలుగో మెట్టు ఎక్కే దారి కూడా తెరిచారు. ఎన్నో క్లబ్బులు నూరేళ్లు దాటినవి. అక్కడ జారినవాడు పక్క మెట్టు మీద పడతాడు. లేచి దుమ్ము దులుపుకొని అక్కడినుంచి ఆడుకుంటాడు.

మన నిచ్చెన అలా కట్టినది కాదు. నేను మొదలుపెట్టేనాటికి నేషనల్ ఫుట్‌బాల్ లీగు పుట్టి ఒక్క ఏడాది. 2007లో అది ఐ-లీగు అయింది. 2008లో దానికి రెండో డివిజన్ వచ్చింది. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగు) వచ్చి పైన కూర్చుంది, కాని కింద గెలిచినవాడు అందులోకి ఎక్కడానికి అప్పట్లో దారి లేదు. ఐ-లీగు గెలిచి ఐఎస్ఎల్‌లోకి వెళ్లిన మొదటి జట్టు పంజాబ్ ఎఫ్‌సీ, అదీ 2023లో. మరుసటి ఏడు మహమ్మడన్ స్పోర్టింగ్. ఐ-లీగు కింద ఐ-లీగు 3 అనే మూడో డివిజన్ వేసింది కూడా 2023లోనే. అంటే నేను ఆడిన పందొమ్మిదేళ్లలో సగం మెట్లు లేవు, ఉన్నవాటిలో కొన్ని మా బరువుకే విరిగాయి.

విరగడం అంటే ఊరికే అనడం లేదు. 2010లో మహీంద్రా యునైటెడ్ మూతపడింది. 2011లో జేసీటీ మూతపడింది. పేపర్లో ఆ వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. ఒక్కో జట్టు మూతపడితే పాతిక మంది ఆటగాళ్లు ఒక్కసారిగా కిందికి వస్తారు. వాళ్లు ఒక డివిజన్ దిగితే, ఆ డివిజన్‌లో ఉన్నవాళ్లు ఇంకో డివిజన్ దిగుతారు, చివర ఉన్నవాడు గట్టు మీద పడతాడు. 2011 వేసవిలో నేను వెళ్లిన ఒక ట్రయల్స్‌లో స్టాపర్ స్థానానికి నాతోపాటు వచ్చినవాళ్లలో ఇద్దరు అంతకు ముందు ఏడు టీవీలో ఆడుతూ కనిపించినవాళ్లు. వాళ్లతో పోటీ పడ్డానని మురిసిపోవాలో, నా అన్నం పోయిందని ఏడవాలో తెలియలేదు. ఆ క్లబ్బు వాళ్లలో ఒకడిని తీసుకుంది. 2016లో డెంపో, సల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా మూడూ ఐ-లీగు నుంచి తప్పుకున్నప్పుడు నా వయసు ముప్పై ఏడు. ఈసారి పై నుంచి వచ్చేవాళ్ల కోసం ఎదురుచూడకుండా నేనే లేచి చోటిచ్చాను.

ఇక మన సరిహద్దు పిల్లలకు మాత్రమే ఉండే తలనొప్పి ఒకటి ఉంది. నువ్వు గుణుపురం కాబట్టి నీకూ ఉంటుంది. మా ఇంటినుంచి పాతపట్నం సైకిలు మీద వెళ్లి, మ్యాచ్ ఆడి, రాత్రి అన్నానికి వచ్చేసేవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గ్రౌండులో రెండూ. సంక్రాంతి నుంచి హోలీ దాకా అటు శ్రీకాకుళం జిల్లాలోనూ ఇటు మన ఏజెన్సీ ఊళ్లలోనూ టోర్నమెంట్లు ఉండేవి. గెలిస్తే మేకపోతు, రన్నర్‌కు కోళ్లు. ఎవరి జట్టులో ఆడామో రాత్రి మాంసం పంచుకునేదాకా మాకే గుర్తుండేది కాదు. ఆ అలవాటులోనే 1999లో అటు ఒక జట్టుకు, ఇటు కటక్‌లో ఒక జట్టుకు రెండు కాగితాల మీదా సంతకం పెట్టాను. రెండు రాష్ట్రాల సంఘాలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నాయి. వాళ్ల ఉత్తరాలు తేలేలోపు నా సీజను మొత్తం పోయింది. ఇరవై ఏళ్ల వయసులో ఒక సీజను అంటే, ముప్పై ఏళ్ల వయసులో మూడుతో సమానం.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ అంతా కంప్యూటర్లోనే, జాతీయ సమాఖ్య నడిపే కేంద్ర రిజిస్ట్రేషన్ వ్యవస్థలో. నీకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది ఏ క్లబ్బు కింద, ఏ రాష్ట్రం కింద ఉందో రైలెక్కే ముందే తెలుసుకో. జిల్లా లీగులో నీ పేరు ఎక్కించిన సెక్రటరీనే అడుగు, చూసి చెబుతాడు. అక్కడినుంచి కోల్‌కతాకు మారాలంటే పాత క్లబ్బు వదలాలి. వదలడానికి కొందరు డబ్బు అడుగుతారు, కొందరు బతిమాలించుకుంటారు. ఫిఫా నిబంధన ప్రకారం ఒక సీజనులో ఎక్కువలో ఎక్కువ మూడు క్లబ్బులకు నమోదు కావచ్చు, అధికారిక మ్యాచ్‌లు మాత్రం రెండింటికే ఆడగలవు. ఊళ్లో ఎవరో సరదాగా నీ పేరు ఎక్కించిన జట్టు కూడా ఆ లెక్కలోకి రావచ్చు.

మా రోజుల్లో కోల్‌కతాలో టోకెన్ ఉండేది. ట్రాన్స్‌ఫర్ల రోజుల్లో ఆటగాడి టోకెన్ ఏ క్లబ్బు చేతిలో పడితే ఆటగాడు ఆ క్లబ్బువాడు. సూటర్కిన్ వీధిలో బెంగాల్ ఫుట్‌బాల్ నడిపే ఐఎఫ్ఏ సంఘం ఆఫీసు ముందు పెద్ద క్లబ్బుల మనుషులు పెద్ద ఆటగాళ్లను పెళ్లికొడుకుల్లా కాపలా కాస్తూ తెచ్చేవాళ్లు. నాలాంటివాళ్లం బస్సు దిగి మా టోకెన్ మేమే పట్టుకెళ్లి ఇచ్చి, టీ తాగి వెనక్కి వచ్చేవాళ్లం.

కోల్‌కతా గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. నీకు పిలుపు వచ్చింది అక్కడినుంచి, నాకు ఆట వచ్చింది కూడా అక్కడే. 1898లో మొదలైన లీగు అది. ప్రీమియర్ కింద మొదటి డివిజన్ నుంచి అయిదో డివిజన్ దాకా ఉంటాయి. దేశంలో ఇన్ని మెట్లు ఒకే ఊళ్లో దొరికే చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు. నేను 2000 జూన్‌లో బరంపురంలో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హావ్‌డాలో దిగాను. నాలుగో డివిజన్ క్లబ్బు. జీతం లేదు, మెస్సులో అన్నం, బస్సు ఖర్చులు, గెలిచిన మ్యాచ్‌కు వంద రూపాయలు. క్లబ్బు గదిని పేరుకు టెంటు అంటారు కాని, ఊరి నడుమ క్లబ్బులు ఆడే మైదాన్ అనే పెద్ద పచ్చికలో చెట్ల కింద రేకుల కప్పుతో ఉన్న పాత గది అది.

ఆ టెంటుకు ఒక మాలీ ఉండేవాడు. మైదాన్ క్లబ్బుల్లో మాలీ అంటే మొక్కలకు నీళ్లు పోసేవాడు అనుకునేవు. గ్రౌండుకు సున్నం గీతలు గీసేదీ, జెర్సీలు ఉతికేదీ, బూట్లు చూసేదీ, నిమ్మకాయ ముక్కలు కోసేదీ అన్నీ అతనే. వాళ్లలో చాలామంది ఒడిశా మనుషులు. మా మాలీది ఆస్కా పక్క ఊరు. అరవై ఏళ్లుంటాయి. నేను పర్లాకిమిడి అని చెప్పగానే విరిగిన తెలుగులో "అన్నం తిన్నావా" అని అడిగాడు. ఆ రాత్రి పఖాళ పెట్టాడు. మన చద్దన్నమే, పేరు వేరు, పక్కన కాల్చిన వంకాయ.

వారం తర్వాత ఒక సాయంత్రం అతను నా బూట్లు బోర్లించి పెట్టుకుని కటింగ్ ప్లయర్‌తో స్టడ్లు, అంటే నేల మీద పట్టు కోసం అడుగున ఉండే బుడిపెలు, విప్పుతున్నాడు. వానాకాలం లీగు కదా, మర స్టడ్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. విప్పి, మరలకు చుక్క ఆవనూనె రాసి, మళ్లీ బిగించాలి. ఎడమ బూటు నా ముందు పెట్టి వేలితో చూపించాడు. లోపలి వైపు స్టడ్లు రెండూ ఏటవాలుగా అరిగిపోయి ఉన్నాయి. బయటి వైపువి కొత్తవాటిలా ఉన్నాయి. కుడి బూటులో అన్నీ సమంగానే ఉన్నాయి. "నువ్వు ఎప్పుడూ ఎడమ కాలితో నేలను తన్ని కుడివైపే తిరుగుతున్నావు. ఈ సంగతి నేను కూర్చున్నచోటునుంచి చెబుతున్నాను. ఎదుటి ఫార్వర్డు మూడు నిమిషాల్లో కనిపెడతాడు" అన్నాడు. మాకున్న కోచ్ రెండు నెలల్లో చెప్పని మాట అది. మర్నాటి నుంచి తెల్లవారుజామున ఖాళీ గ్రౌండులో ఎడమవైపు తిరగడం ఒక్కటే సాధన చేశాను. మాలీ గడ్డి మీద కూర్చుని బీడీ తాగుతూ చేయి అటూ ఇటూ ఊపేవాడు, నేను అటు తిరిగి పరుగెత్తేవాడిని. సీజను చివరికి రెండు బూట్లూ ఒకేలా అరిగాయి. ఆ ఏడు మేము మూడో డివిజన్‌కు ఎక్కాం.

ఇప్పటి లీగులో ఇంకొకటి చూసుకో. పైన ప్రీమియర్‌లో బెంగాల్ కుర్రాళ్లు కొందరు తప్పనిసరిగా మైదానంలో ఉండాలనే నిబంధన పెట్టారు. మంచిదే, వాళ్ల పిల్లలకు చోటు దొరకాలి. కాని బయటినుంచి వెళ్లే నీకు చోటు ఆ మేరకు తగ్గింది. నీ క్లబ్బు ఆడే డివిజన్‌లో బయటివాళ్లను ఎంతమందిని ఆడనిస్తారో ఫోనులోనే అడుగు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు.

ఖేప్ గురించి ఎవరైనా చెప్పారా నీకు? లీగు బయట, ఊళ్లలో, డబ్బుకు ఆడే మ్యాచ్‌లు. శుక్రవారం రాత్రి ఎవరో వస్తారు, శనివారం వ్యానులో ఎక్కిస్తారు, ఆదివారం రాత్రికి జేబులో డబ్బుతో దింపుతారు. కింది డివిజన్ వాళ్ల సంసారాలు చాలావరకు ఖేప్ మీదే నడిచేవి. నేనూ ఆడాను. 2002 చలికాలంలో మేదినీపూర్ వైపు కోత కోసిన వరిచేలో ఆడుతుండగా మోడులో కాలు ఇరుక్కుని మోకాలి లోపలి లిగమెంటు తెగింది. నిర్వాహకుడు మంచివాడే, ఒప్పుకున్న ఏడు వందలూ జేబులో పెట్టి, ఆటో ఎక్కించి, ఆటోకూ తనే ఇచ్చాడు. అక్కడితో అతని బాధ్యత తీరింది. క్లబ్బుకు తెలిస్తే తీసేస్తారని బాత్రూములో జారానని చెప్పాను. పదకొండు నెలలు పోయాయి.

పోయింది పదకొండు నెలలు మాత్రమే అయితే ఇంత చెప్పేవాడిని కాదు. ఆ చలికాలమే కటక్‌లో సంతోష్ ట్రోఫీ శిబిరానికి ఒడిశా పిలిచిన వాళ్లలో నా పేరు ఉంది. 1941 నుంచి జరుగుతున్న రాష్ట్రాల పోటీ అది. మనలాంటి వాళ్లకు అందులో పతకం కంటే ఒక కాగితం ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు వేరువేరు నమూనా పత్రాలు ఉంటాయి. ఒకటోది దేశానికి ఆడినవాళ్లకు, రెండోది రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవాళ్లకు, మూడోది విశ్వవిద్యాలయాల పోటీలకు, నాలుగోది జాతీయ పాఠశాల క్రీడలకు. సంతోష్ ట్రోఫీలో ఆడితే ఆ రెండో పత్రం చేతికి వస్తుంది. రైల్వేలో, తపాలా శాఖలో నాతో ఆడినవాళ్లు కొందరు ఈరోజు పింఛను లెక్కలు వేసుకుంటున్నారు, ఆ కాగితం పుణ్యమే. నేను ఆ శిబిరానికి ఊతకర్రతో వెళ్లలేను కదా. మళ్లీ నా పేరు రాలేదు. ఏడు వందల రూపాయల మ్యాచ్‌కు నేను కట్టిన ధర అది.

తర్వాత గోవాకు వెళ్లాను, ముంబైలో ఒక ఆఫీసు జట్టుకు ఒప్పంద ఆటగాడిగా ఆడాను, మళ్లీ గోవా. ఆ ఏళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, విడదీసి చెప్పడం నాకే కష్టం. ఒక్కటి చెబుతాను. 2007లో నన్ను ఒక పెద్ద జట్టు తీసుకుంది. గొప్పగా ఉంది, ఇంటికి ఫోను చేసి చెప్పాను. ఆ సీజను మొత్తంలో నేను ఆడింది, అటూ ఇటూ కలిపితే, ఒక మ్యాచ్ అంత. మిగతా కాలం బెంచీ మీద కొబ్బరిచెట్లు లెక్కపెట్టాను. బయటికి వచ్చేసరికి "నువ్వు కిందటేడు ఎన్ని మ్యాచ్‌లు ఆడావు" అని అడిగినవాళ్లకు చెప్పడానికి ఏమీ లేదు. పై డివిజన్‌లో బెంచీ కంటే కింది డివిజన్‌లో తొంభై నిమిషాలు మేలని అప్పుడు తెలిసింది. తెలిసినా మనసు ఒప్పుకోవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

నా ఒక్క మంచి ఏడాది 2010. ఐ-లీగు రెండో డివిజన్. ఆరు మ్యాచ్‌లు, వాటిలో నాలుగు బదులు ఆటగాడిగా. నెలకు పద్దెనిమిది వేలు రాసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ ఏడాది గురించి చెప్పడానికి అంతకంటే పెద్దగా లేదు, చివరి రెండు నెలల జీతం ఈ రోజుకూ రాలేదన్నది తప్ప. అడగడానికి వెళితే సెక్రటరీగారు మీటింగులో ఉన్నారు అనేవాళ్లు. ఇప్పుడైతే ఫిఫా నిబంధనల్లో దీనికి ఒక మాట ఉంది, 2018లో చేర్చారు. రెండు నెలల జీతం బాకీ పడితే రాతపూర్వకంగా పదిహేను రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. కాని అదంతా చేతిలో సంతకాలున్న ఒప్పంద పత్రం ఉన్నవాడికి. నోటి మాట మీద ఆడేవాడికి ఏ నిబంధనా లేదు. ఒప్పందం ప్రతి ఒకటి నీ దగ్గర పెట్టుకో, ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపు.

ఇక దిగడం. నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఎక్కడం ఎలాగో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. దిగడం ఎవరూ నేర్పరు. పందొమ్మిది సీజన్లలో నేను ఏదో ఒక మెట్టు నిజంగా ఎక్కింది నాలుగుసార్లు, పై డివిజన్ దాకా ఒక్కసారే, మిగిలిందంతా దిగుడే. 2007లో దిగడానికి సిగ్గుపడి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. 2011 తర్వాత సిగ్గు వదిలేశాను, ఇంకో అయిదేళ్లు ఆడగలిగాను.

2012లో కోల్‌కతాలో ఒక రెండో డివిజన్ క్లబ్బుకు వెళితే, అక్కడి కోచ్ 2003లో నాకు బదులు ఆటగాడిగా బెంచీ మీద కూర్చున్నవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, "దాదా" అన్నాడు. జట్టు పేర్లు చదివేటప్పుడు నా పేరు దగ్గర తడబడ్డాడు. మొదటి పదకొండుమందిలో నన్ను వేయాలా వద్దా అన్న ఇబ్బంది అతని ముఖంలో కనిపిస్తోంది. నేనే లేచి వెళ్లి బెంచీ మీద కూర్చుని, పక్కనున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడి స్టడ్లు బిగిస్తూ ఉన్నాను. మూడో మ్యాచ్ సగంలో మా స్టాపర్‌కు తొడకండరం పట్టేసింది, నేను దిగాను. కాళ్లలో వేగం అప్పటికే లేదు. ఉన్నది గొంతు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ముందుకు జరిగి గీత కట్టాలో అరిచి చెబితే నలుగురి వేగం నాదయింది. ఆ సీజను పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాను.

గొంతు అంటే గుర్తొచ్చింది. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ మొదటి రోజే మూడు మాటలు నేర్చుకో: వదిలెయ్, నాది, వెనక. బెంగాలీలో 'ఛాడ్', 'ఆమార్', 'పెఛొనే'. ఒడియాలో 'ఛాడ', 'మోర', 'పఛరే' నీకు వచ్చినవే. గోవాలో వదిలెయ్ అనడానికి 'సోడ్'. స్టాపర్‌కు భాష రాకపోతే గోల్‌కీపర్‌తో గుద్దుకుంటాడు. సరిహద్దులో పుట్టినందుకు మనకు దొరికిన లాభం ఇదొక్కటే, భాష అంటే భయం ఉండదు.

మోకాలి సంగతి కూడా దాచను. నొప్పి మాత్ర మింగి ఆడిన మ్యాచ్‌లు నేను లెక్కపెట్టలేదు. ఇప్పుడు మేడమెట్లు దిగేటప్పుడు మోకాలే లెక్కపెడుతోంది.

నాన్నగారి మాటకు వస్తాను. కానిస్టేబుల్ పరీక్ష అంటే ఆటకు తలుపు మూయడం అని నువ్వు అనుకుంటున్నట్టుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు విను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలోని పెద్ద పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్పును వరుసగా అయిదుసార్లు గెలిచిన జట్టు అది. ఆ రహీమ్ శిక్షణలోనే 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ భారత జట్టు ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్నవాళ్లు ఆట మరిచిపోలేదు. ఒడిశా పోలీసుకూ సొంత జట్టు ఉంది. ఉద్యోగం వచ్చాక బయటి క్లబ్బుకు ఆడాలంటే శాఖ అనుమతి కావాలి, దొరకకపోవచ్చు. అది నిజమే. కాని నెల మొదటి తారీఖున జీతం పడే స్టాపర్ ఆదివారం ఖేప్ వ్యాను ఎక్కడు. నేను నీ స్థానంలో ఉంటే పరీక్ష రాస్తాను, ట్రయల్స్‌కూ వెళతాను. రెండూ ఒకే రోజు పడితే పరీక్షకే వెళతాను. ట్రయల్స్ మళ్లీ పెట్టిస్తారు, కింది డివిజన్ క్లబ్బులకు స్టాపర్ల కరువు ఎప్పుడూ ఉంటుంది. క్లబ్బుకు ఫోను చేసి తేదీ మార్చమని అడిగితే వాళ్లు ఏమీ అనుకోరు, అనుకునే క్లబ్బు అయితే జీతం దగ్గర ఇంకా ఎక్కువ అనుకుంటుంది.

ఈ రెండింటికంటే పైన పెట్టవలసింది ఒకటే, రాష్ట్ర జట్టు శిబిరం. సంతోష్ ట్రోఫీకి ఎప్పుడు పిలిచినా అన్నీ ఆపి వెళ్లు.

ట్రయల్స్‌కు వెళితే మొదటి పది నిమిషాలు బంతితో ఏదో చేసి చూపించాలని చూడకు. ముందు గట్టిగా అరిచి మాట్లాడు. సెలెక్టర్లు గట్టు మీద కూర్చుని ఛాయ్ తాగుతూ మాట్లాడుకుంటూ ఉంటారు, గొంతు వినిపిస్తేనే తల తిప్పుతారు. తిప్పాక ఒక్క తల బంతి శుభ్రంగా గెలువు, ఒక్కటి పక్కవాడికి తేలిగ్గా ఇవ్వు. పొడవు పాసులు కొట్టి మెప్పించే పని మిడ్‌ఫీల్డర్లకు వదిలెయ్. ఆధార్, వయసు ధ్రువపత్రం అసలువి ఎవరికీ ఇవ్వకు, నకలు ఇవ్వు. తిరుగు టికెట్టు ముందే తీసుకో. బాగా ఆడాననే ధీమాతో తిరుగు టికెట్టు లేకుండా వెళ్లి హావ్‌డా ప్లాట్‌ఫారం మీద రెండు రాత్రులు పడుకున్నవాడిని నేను.

ట్రయల్స్ ఏ నెలలో, ఏ గ్రౌండులో అన్నది నువ్వు రాయలేదు. జూన్ దాటితే మైదాన్ నిండా బురదే, అచ్చుపోసిన చిన్న స్టడ్ల బూట్లతో వెళితే నిలబడలేవు. ఇప్పుడు నువ్వు వేసుకుంటున్న బూట్లు కడగకుండా, అడుగుభాగం కనిపించేలా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసి పంపు. ఎటు తిరుగుతున్నావో చూసి చెబుతాను.